గంగమ్మ చీరతో కుట్టిన పరదాలు

ఇరవై ఏళ్ళుగా ఒక బరువు మోస్తున్నాను. బరువంటే నాకే నవ్వొస్తుంది. చూడబోతే అది బెత్తెడు వెడల్పున్న చీర అంచు. మడిచి గుప్పెట్లో పెట్టుకుంటే కనపడదు. అయినా పొద్దున కళ్ళు తెరవగానే గుండెల మీద ఉంటుంది. దీపం పెడుతుంటే ఉంటుంది. ఎవరైనా నా కాళ్ళకు దణ్ణం పెట్టి "మీ చేతి చలవమ్మా" అన్నప్పుడు మరీ ఉంటుంది. అలా దణ్ణం పెట్టేవాళ్ళంటే నాకు లోకువ. నిలబడి పెట్టించుకునే నన్ను చూస్తే ఇంకా లోకువ.

నేను చదివింది అయిదో తరగతి. ఉత్తరాలు తప్ప ఇంకేమీ రాసి ఎరగను. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక రెండు కాగితాలు చింపేశాను. తప్పులుంటే సర్దుకుని చదవండి. పేరు మాత్రం రాయను. పేరు రాసే ధైర్యమే ఉంటే ఆ రోజే నోరు తెరిచి ఉండేదాన్ని.

మాది కోస్తా. కాలవ వచ్చిన కొత్తలో అక్కడున్న ఎకరమున్నర అమ్ముకుని ఇక్కడ రాయచూరు జిల్లాలో కవితాళకు నాలుగు మైళ్ళ దూరంలో నల్లరేగడి కొనుక్కున్నాం. మాలాంటి ముప్పై కుటుంబాల వాళ్ళు కలిసి వేసుకున్న ఊరు. దాన్ని ఇక్కడ క్యాంపు అంటారు. రెండేళ్ళు గుడిసెలో ఉన్నాం. మూడో ఏడు పంట చేతికొచ్చాక మా ఆయన ఇటుకల ఇల్లు లేపారు. క్యాంపులో మొదటి ఇటుకల ఇల్లు మాదే. దానికి నాలుగు కిటికీలు. నా గర్వమంతా ఆ కిటికీల్లోనే ఉండేది.

ఎందుకంటే ఇక్కడి పాత ఊళ్ళలో ఇళ్ళకు కిటికీలు ఉండేవి కావు. రాతి గోడలు, పైన మట్టి మిద్దె, మిద్దెకు ఒక చిల్లు. వెలుతురంతా ఆ చిల్లులోంచే. వానొస్తే దాని మీదకు బండ జరుపుతారు. ఎండాకాలంలో ఆ ఇళ్ళు ఎంత చల్లగా ఉంటాయో నాకు చాలా తర్వాత తెలిసింది. అప్పట్లో వాటిని ఎలుక బొరియలు అనేదాన్ని. మెల్లగా కూడా కాదు, వాళ్ళకు వినపడేట్టే. వాళ్ళ జొన్నరొట్టెను, వాళ్ళ మాటను, వాళ్ళు కట్టుకునే ముతక చీరను, అన్నిటినీ వెక్కిరించేదాన్ని. వాళ్ళ ఊళ్ళోకొచ్చి, వాళ్ళ నేల కొనుక్కుని, వాళ్ళనే వెక్కిరించడం. దీన్ని ఏమంటారో మీకే తెలియాలి.

సరే, కిటికీలు పెట్టాం. ఇనప చువ్వలు బిగించాం. తలుపులకు కలప కొనేలోగా చేతిలో డబ్బు అయిపోయింది. గోనె సంచులు విప్పి మేకులు కొట్టాం. ఎరువు కంపెనీ అక్షరాలు వీధిలోకి కనపడుతూ ఉండేవి. గాలి వీస్తే ఇల్లంతా ఎరువు వాసన.

ఇదంతా నాకు తప్ప ఎవరికీ పట్టలేదు. నాకెందుకు పట్టిందంటే, నేను మా పెద్ద తోటికోడలికి ఉత్తరంలో ఒక అబద్ధం రాశాను. మా ఇంటి కిటికీలన్నిటికీ పరదాలు కట్టుకున్నామని. ఆమె పేరు రాజ్యం. మేము పొలం అమ్ముకుని బయలుదేరిన రోజున వాకిట్లో నిలబడి "పోండి, పోండి, ఆ కన్నడ దేశంలో గుడిసెల్లో పడుందురుగాని" అన్న మనిషి. ఆ మాట నాకు ముల్లులా దిగింది. అందుకే రాశాను. ఆవిడ దాన్ని చదివి ఊరుకుంటుందనుకున్నాను. బావగారితో కలిసి చూడటానికి వస్తున్నామని జవాబు రాసింది.

మా ఆయన్ని అడిగాను, పరదాలకు గుడ్డ కొనమని.

"నాట్లకి కూలోళ్ళే దొరక్క చస్తుంటే కిటికీలకి బట్టలేంటే నీకు? అవేమన్నా సిగ్గుపడతన్నాయా?" అన్నారు.

పాత పంచెలు పెట్టి చూశాను. ఎండ పడగానే అతుకులన్నీ తెలిశాయి. వెదురు తడికలు అల్లిద్దామంటే కోళ్ళ గూడులా ఉంటుందనిపించింది. నా చీరల్లో మంచివి రెండే, అవి కట్టుకోవడానికి కావాలి. మిగిలినవి చూస్తే రాజ్యం అవి చీరలని ఇట్టే పట్టేస్తుంది. నాలుగు రోజులు ఇదే ఆలోచన. ఇంట్లో పిల్లకు జ్వరమొచ్చినా అంత ఆలోచించి ఉండను.

ఆ ఏడు కాలవకు నీళ్ళు వదిలే రోజు దగ్గరపడింది. మా కోస్తా వాళ్ళకు ఒక పద్ధతి ఉంది. కొత్త నీరు వచ్చిన రోజున గంగమ్మకు చీర ఇస్తాం. ఇంటికో కుంచం వడ్లు వేసుకుని అందరూ కలిసి కొంటారు. ఒక ముత్తయిదువ ఆ చీరను ముందు రోజు తన ఇంట్లో దేవుడి దగ్గర ఉంచుతుంది. పసుపు గుడ్డలో గాజులు, కొబ్బరికాయతో పాటు మూట కడుతుంది. మర్నాడు ఆ మూటను తూము దగ్గర పారే నీళ్ళలో వదులుతుంది. కట్టిన మూటను మళ్ళీ ఎవరూ విప్పరు.

ఆ ఏడు ఇటుకల ఇల్లని నన్ను పెట్టారు.

చీర మంచిది. పసుపు రంగు, ఎర్రంచు, అంచు నిండా మామిడి పిందెలు. కొన్న రోజున క్యాంపు ఆడవాళ్ళంతా ఆ అంచును వేళ్ళతో తడిమి చూశారు. నేనూ తడిమాను. దళసరి నేత. ఎండ ఆపుతుంది. నాకు మొదట తోచింది ఆ మాటే. దేవుడికిచ్చే చీర పట్టుకుని, ఇది ఎండ ఆపుతుంది అనుకున్నాను.

మధ్యాహ్నం మా ఆయన పొలంలో ఉన్నారు. పసుపు గుడ్డ పరిచాను. గాజులు పెట్టాను. కొబ్బరికాయ పెట్టాను. చీర బదులు నా పాత వెలిసిపోయిన చీర మడిచి పెట్టి మూట కట్టాను. చేతులు వణికాయని రాస్తే మీకు నా మీద కాస్త మంచి అభిప్రాయం కలుగుతుందేమో. వణకలేదు. మూడు ముళ్ళు వేసి, కుంకుమ కూడా పెట్టాను. మర్నాడు డప్పులతో వెళ్ళి అందరి ముందూ కాలవలో వదిలాను. బుల్లెమ్మ పిన్ని, క్యాంపులో అందరికంటే పెద్దావిడ, కళ్ళ నీళ్ళు పెట్టుకుంది.

తర్వాత పని నిదానంగా చేశాను. పసుపు చీరను అలాగే కట్టలేను కదా. సంతలో నీలం రంగు పొట్లం కొన్నాను. పసుపు మీద నీలం పడితే ఆకుపచ్చ అవుతుందని నాకు తెలుసు. కానీ ఎర్రంచు మీద ఆకుపచ్చ రాదు. అందుకని ముందు రెండు అంచులూ పొడుగునా కత్తిరించేశాను. తొందరలో ఒక చోట కత్తెర వంకర పోయి, వేలెడు అంచు చీరకే ఉండిపోయింది. పశువుల దాణా ఉడికించే డేగిసాలో ఉప్పు వేసి మరిగించి చీర ముంచాను. చిక్కటి ఆకుపచ్చ వచ్చింది. ఆ వేలెడు ముక్క మాత్రం నల్లగా మారింది. అయినా దాని మీద మామిడి పిందె తెలుస్తూనే ఉంది. వీధి వైపు రెండు కిటికీలకే సరిపోయేట్టు నాలుగు ముక్కలు చేశాను, కిటికీకి రెండు, కుచ్చులు పడాలి కదా.

కుట్టడానికి ఈరమ్మను పిలిచాను.

ఈరమ్మ మొగుడు కాలవ లస్కరు, అంటే మా తూము గేటు ఎత్తి దించే మనిషి. కాలవ గట్టు మీద ఒంటిగది క్వార్టర్సులో ఉండేవాళ్ళు. ఈ జిల్లా వాళ్ళే, తెలుగు వాళ్ళే. ఆమె పుట్టిల్లు రాయచూరు. తండ్రి దర్జీ, పెళ్ళికి చేతిమిషను ఇచ్చి పంపాడట. మా క్యాంపు రవికెలు, లంగాలు చాలావరకు ఆమే కుట్టేది. నన్ను "అక్కా" అనేది. ఆ పిలుపు నాకు ఒళ్ళు మంట. లస్కరు పెళ్ళానికి నేను అక్కనా అని.

నా వసారాలో కూర్చుని ఒక పగలంతా కుట్టింది. కొలత తీస్తే ఒక్కసారే తీసేది. కుచ్చుల కోసం ఎంత వదలాలో వేళ్ళతోనే లెక్కేసేది. "పైన నేఫా కుడతనక్కా, దాంట్ల తీగ దూరిస్తె అటు ఇటు జరుగుతది" అంది. నాడా దూర్చడానికి లంగాకు ఉంటుందే, అలాంటి గొట్టం. నల్లబడ్డ ఆ అంచు ముక్కను చూసింది. "దీన్ని నేఫా లోపలికి మలుస్త. బయటికి కానరాదు" అంది.

సాయంత్రం కుట్టుకూలి ఇవ్వబోతే వద్దంది. మూలన చుట్టి పెట్టిన అంచుల వైపు చూపించి, "ఆ ఎర్ర పట్టీలు ఇయ్యక్కా. మా శంకరికి లంగ అడుగున ఏసి కుడత" అంది. శంకరి ఆమె కూతురు, ఎనిమిదేళ్ళది.

ఆ అంచులు పొయ్యిలో పెట్టాల్సినవి. అది తెలియదా నాకు? తెలుసు. తెలిసి ఎందుకిచ్చాను? కూలి మిగులుతుందనా? అదొక్కటే కాదు. లస్కరు కూతుర్ని మా వాళ్ళెవరు కళ్ళెత్తి చూస్తారు అనుకున్నాను. నేను ఎప్పుడూ చూడలేదు మరి. ఆ పిల్ల ఏం కట్టుకుందో, మొహం ఎలా ఉంటుందో ఏ రోజూ చూసి ఎరగను. ప్రపంచమంతా నాలాగే ఉంటుందనుకున్నాను. ఆ అంచుల చుట్టను కాలితో ఆమె వైపు తోశాను. చేత్తో కూడా ఇవ్వలేదు.

రాజ్యం వచ్చింది. గడపలో నిలబడి పరదాలు చూసింది. "ఆకుపచ్చేంటే అమ్మాయ్, దుమ్ము కనపడకుండానా?" అంది. అంతే. మళ్ళీ వాటి వైపు తిరగలేదు. ఇక్కడి నీళ్ళు ఉప్పగా ఉన్నాయని మర్నాడే బండెక్కింది. ఆ ఒక్క ముక్క కోసం చేశాను నేనిదంతా.

మూడు వారాలయ్యేసరికి కాలవలో నీళ్ళు తగ్గాయి. మాది కాలవ చివరి భూమి. నారుమళ్ళు నెర్రెలిచ్చాయి. పైన ఉన్నవాళ్ళు గండ్లు కొట్టి నీళ్ళు మళ్ళించుకుంటున్నారని మగవాళ్ళందరికీ తెలుసు. తెలిసీ, ఆడవాళ్ళు గంగమ్మకు కోపమొచ్చిందంటుంటే వీళ్ళు మీసాలు నిమురుకుంటూ తలూపారు. పైవాళ్ళతో తగాదా పెట్టుకోవడం కంటే గంగమ్మ మీద పెట్టడం సులువు.

అప్పుడే కవితాళ సంతలో బుల్లెమ్మ పిన్ని శంకరి లంగా చూసింది.

ఆ సాయంత్రం పాతికమంది ఆడవాళ్ళు ఈరమ్మను, ఆ పిల్లను నడిపించుకుంటూ మా ఇంటికే తెచ్చారు. చీర నా చేతి మీదుగా పోయింది కనుక. నేను వసారాలో, కిటికీకి వీపు పెట్టి నిలబడ్డాను. నా వెనకే పరదా.

"ఇదుగో చూడమ్మాయ్," అంది పిన్ని, శంకరి లంగా కొసను పట్టి లాగుతూ. "మామిడి పిందెలు. గంగమ్మ నోటి దగ్గర కూడు లాక్కున్నారే వీళ్ళు! మొగుడు తూము దగ్గర కాపలా, పెళ్ళాం కింద గాలం."

"నేను కాలవలకెల్లి ఎందుకు తీస్తనమ్మా? ఈ అక్కనే ఇచ్చింది. పరదాలు కుట్టినందుకు ఇచ్చింది. చెప్పక్కా."

పిన్ని నా వైపు తిరిగింది. "నువ్విచ్చావా?"

"నేనా? మీ అందరి ముందూ మూట నీళ్ళలో వదల్లేదూ?" అన్నాను. నా గొంతు మామూలుగా ఉంది. ఇప్పటికీ నాకు అదే ఆశ్చర్యం.

"గిట్లంటవేందక్కా? నా బిడ్డ మీద కసం, నువ్వే గదా ఇచ్చినవు."

"నేను నీకెప్పుడు అక్కనయ్యానే?"

ఎవరో నవ్వారు. ఈరమ్మ నన్ను వదిలి వాళ్ళ వైపు తిరిగింది. తర్వాత ఏడుపు లేకుండా, పని చెప్పినట్టు చెప్పింది. "ఆమె ఎనక ఉన్న పరదా తీసి చూడుండ్రి. ఎడమ దిక్కుది. పైన నేఫా ఇప్పుండ్రి. ఈ అంచు ముక్క లోపలనే ఉన్నది. నేనే మలిచి కుట్టిన."

నా పని అయిపోయిందనుకున్నాను. పరదా నాకు జానెడు దూరంలో ఉంది. బుల్లెమ్మ పిన్నికి నాలుగడుగుల దూరంలో ఉంది.

"చూశారా!" అంది పిన్ని. "దొంగతనం చేసింది చాలక మనింట్లో సోదా చేయమంటంది!"

ఒక్కరు కదల్లేదు. పాతికమంది. ఏ ఇంట్లో ఎన్ని పిడకలున్నాయో లెక్క తెలిసిన ఆడవాళ్ళు. చెయ్యి చాపి ఒక గుడ్డ తిప్పి చూడలేకపోయారు. వాళ్ళను నేను అంతకు ముందూ పెద్దగా గౌరవించలేదు, ఆ రోజుతో పూర్తిగా పోయింది. కానీ వాళ్ళకు తెలియదు. నాకు తెలుసు. తెలిసినదాన్ని నేనొక్కదాన్నే, అందుకని అక్కడున్న అందరిలోకి నీచురాలిని కూడా నేనే.

అక్కడితో ఆగానా? ఆగలేదు. "ఆ అంచు విప్పి గంగమ్మకు తిరిగిచ్చేద్దాం పిన్నీ" అన్నాను. లోపలికెళ్ళి బ్లేడు తెచ్చాను. ఆ పిల్ల లంగా కట్టుకుని నిలబడి ఉండగానే, కింద కూర్చుని, కుట్లు తెంచాను. ఈరమ్మ కుట్టు చాలా సన్నం. ఎంతసేపటికీ ఊడిరాదు. పిల్ల కాళ్ళు వణుకుతున్నాయి.

"కదలకు శంకరీ," అంది ఈరమ్మ. "బ్లేడు తగుల్తది."



అంచును డప్పులతో తీసుకెళ్ళి పెద్దకాలవలో వదిలాం. నాలుగో రోజు నీళ్ళొచ్చాయి. పైవాళ్ళ మడులు నిండాయి, వచ్చాయి. అంతే. కానీ క్యాంపు మొత్తం నా చెయ్యి మంచిదంది. అప్పటి నుంచి పదకొండేళ్ళు గంగమ్మ చీర నా చేతి మీదుగానే ఇప్పించారు. పదకొండేళ్ళూ ఏమీ ఎరగనట్టు ఇచ్చాను.

మా మగవాళ్ళు కాలవ ఆఫీసుకు వెళ్ళి, దేవుడి సొమ్ము తిన్నవాణ్ణి గేటు దగ్గర ఉంచొద్దన్నారు. లస్కరుది రోజుకూలి పని. ఒక్క మాటకే పోయింది. క్వార్టర్సు ఖాళీ చేసి ఎద్దుల బండి మీద వెళ్ళారు. బండిలో మిషను వెల్లకిలా పడేసి ఉంది. పరదా పక్కకు తీసి చూశాను. అవును, ఆ పరదాయే.

తర్వాత రెండేళ్ళకు మల్లట్ వైపు మా బంధువుల పొలంలో నాట్లేస్తుంటే గట్టు మీద నిలబడి ఉన్నాను. వరసలో ఈరమ్మ ఉంది, మోకాళ్ళ దాకా బురదలో. మిషను అమ్మేసుకున్నారట. దొంగ అన్న పేరు పడితే ఎవరు గుడ్డ చేతికిస్తారు? పక్కన పొడుగ్గా ఎదిగిన పిల్ల, అదీ నాట్లేస్తోంది. ఈరమ్మ తలెత్తింది. నన్ను గుర్తుపట్టింది. "పక్కకు జరుగమ్మా, నారుకట్టలు తొక్కుతున్నవు" అంది. అంతే. నేను జరిగాను. చెప్పడానికి అంతకంటే మంచి చోటు, మంచి సమయం దొరకదు. చుట్టూ మా వాళ్ళు లేరు. ఒక్క అడుగు బురదలోకి వేస్తే చాలు. చీర తడుస్తుందని ఆగానా? నిజంగా ఆ మాటే నా మనసులోకొచ్చింది, చీర తడుస్తుందని.

పరదాలేమయ్యాయని అడుగుతారేమో. మూడేళ్ళు కట్టి, చిరిగాక మసిగుడ్డలు చేశాను. నేఫా మాత్రం విప్పలేదు. ఆ ముక్క లోపల ఉందని తెలుసు, చూసే ధైర్యం లేక అలాగే పొయ్యిలో పెట్టాను.

ఇప్పుడు మా ఆయన లేరు. బుల్లెమ్మ పిన్ని లేదు. రాజ్యానికి చూపు తగ్గింది. నేను చెప్పినా నష్టపోయేది ఏమీ లేదు, అందుకే ధైర్యమొచ్చింది. ఈ ధైర్యం ఎలాంటిదో నాకు తెలుసు, దీన్ని మెచ్చుకోవద్దు. ఈరమ్మ ఉందో లేదో కూడా కనుక్కోలేదు. ఉంటే ఆమెకు చదువు రాదు. శంకరికి వచ్చేమో. అంచు ఊడదీసిన లంగాతో ఇంటికి నడిచిన పిల్ల, ఎప్పుడైనా తల్లిని అడిగి ఉంటుంది, నిజంగా దొంగిలించావా అమ్మా అని. తల్లి కాదని చెప్పి ఉంటుంది. పిల్ల నమ్మిందో లేదో. నాకు నిద్ర పట్టనివ్వనిది అదే. గంగమ్మ సంగతి కాదు.

పాతికమంది ముందు ఆమె "చెప్పక్కా" అంది. చెబుతున్నాను.

అవును, నేనే ఇచ్చాను. ఆ చీర కాలవలోకి వెళ్ళలేదు. నేను దాచుకుని, రంగు వేసి, నా కిటికీలకు కట్టుకున్నాను. మీ అమ్మ దొంగ కాదు శంకరీ. కుట్టిన పనికి కూలిగా తీసుకుంది.

రాశాను. చెయ్యి నొప్పిగా ఉంది. ఊపిరి మాత్రం కాస్త లోపలిదాకా వెళుతోంది.